జావాలో క్యూ లిజనర్ని ఆపి మళ్ళీ స్టార్ట్ చేయడం: స్టాప్ ఒక్క లైనే, తిప్పలన్నీ ఆ తర్వాతే

రాత్రి 11 గంటలకి డీబీఏ (డేటాబేస్ చూసుకునేవాడు) ఫోన్ చేశాడు, "లిజనర్లు ఆపేశారా, టేబుల్ మీద ఆల్టర్ వేసేస్తున్నా" అని. ఆపేశాం సార్ అన్నాను. రెండు నిమిషాలకి మళ్ళీ ఫోన్. "ఆపేశామన్నారు, మరి ఈ ఇన్సర్ట్లు ఎక్కణ్ణించి పడుతున్నాయి?"

క్యూ లిజనర్ అంటే క్యూలోకి వచ్చే మెసేజ్‌లని తీసుకుని ప్రాసెస్ చేసే కోడ్. ఆ రోజు జరిగిందేంటంటే మా సర్వీస్ మూడు పాడ్లలో (కుబర్నెటీస్‌లో నడిచే ఒకే ప్రోగ్రామ్ కాపీలు) నడుస్తోంది, ముందు రిక్వెస్టులని వాటికి పంచే లోడ్ బ్యాలెన్సర్ ఉంది, నేను కొట్టిన "ఆపు" యూఆర్ఎల్ వాటిలో ఒక్క పాడ్‌కే వెళ్ళింది. సరే అని ఇంకో రెండు సార్లు కొట్టాను, రెండోది మళ్ళీ అదే పాడ్‌కి వెళ్ళింది. మొత్తానికి ఏడో ఎనిమిదో సార్లు కొట్టాక మూడూ ఆగాయి. హమ్మయ్య అనుకునేలోపు మెమరీ ఎక్కువై ఒక పాడ్ రీస్టార్ట్ అయింది, లేవడంతోనే దాని లిజనర్ కూడా లేచి కూర్చుంది.

అందుకే ఇది కాస్త పొడుగ్గా రాస్తున్నా. లిజనర్ని ఆపే మెథడ్ ఏంటి అని వెతికితే ఒక్క నిమిషంలో దొరుకుతుంది. అసలు పనంతా మూడు ప్రశ్నల్లో ఉంది: ఇప్పటికే లాగేసుకున్న మెసేజ్‌లు ఏమవుతాయి, మిగతా పాడ్లకి ఎవరు చెప్తారు, ఆపి ఉందన్న సంగతి ఎవరు గుర్తుపెట్టుకుంటారు. స్ప్రింగ్ బూట్‌తో రాబిట్ఎంక్యూ వాడే సెటప్ తీసుకుని చెప్తా, కాఫ్కా ఎక్కడ తేడాగా ఉంటుందో అక్కడ ఆగి చెప్తా, జేఎంఎస్ గురించి కొంచెం. రాబిట్ఎంక్యూ, కాఫ్కా అంటే మెసేజ్‌లని దాచి అందించే సర్వర్లు, అంటే బ్రోకర్లు; జేఎంఎస్ అంటే జావాలో మెసేజింగ్‌కి ఉన్న స్టాండర్డ్ ఏపీఐ. క్లాసుల పేర్లు తెలుగులోనే రాస్తున్నా, ఐడీఈలో మొదటి నాలుగక్షరాలు కొడితే మిగతాది అదే చూపిస్తుంది.

1. ఆపడమా, పాజ్ చేయడమా

ఈ రెండూ ఒకటి కాదు. రాబిట్ఎంక్యూతో స్ప్రింగ్ వాడితే మామూలు కంటైనర్లలో పాజ్ అనేది లేదు, స్టాప్, స్టార్ట్ అంతే. స్టాప్ కొడితే కంటైనర్ (లిజనర్ని వెనక నుంచి నడిపే స్ప్రింగ్ ఆబ్జెక్ట్) బ్రోకర్‌కి "నా కన్స్యూమర్ని క్యాన్సిల్ చెయ్" అని చెప్తుంది, బ్రోకర్ దృష్టిలో ఆ క్యూకి మీరిక లేనట్టే. కాఫ్కాలో రెండూ ఉన్నాయి. పాజ్ చేస్తే కన్స్యూమర్ గ్రూప్‌లోనే ఉంటుంది, పోల్ కొడుతూనే (కొత్త రికార్డులున్నాయా అని బ్రోకర్ని అడుగుతూనే) ఉంటుంది, కాకపోతే రికార్డులు రావు. స్టాప్ చేస్తే గ్రూప్ (ఒకే టాపిక్‌ని పంచుకుని చదివే కన్స్యూమర్ల జట్టు) నుంచి బయటికి వచ్చేస్తుంది, దాని పార్టిషన్లు (టాపిక్‌లో దాని వంతు ముక్కలు) మిగతావాళ్ళకి పంచేస్తారు, అంటే రీబ్యాలెన్స్. ఒక్క పాడ్‌లో స్టాప్ కొట్టి "ఆగింది" అనుకుంటే ఆ పార్టిషన్లన్నీ పక్క పాడ్ హాయిగా తినేస్తూ ఉంటుంది.

నా లెక్క ఇది. పేమెంట్ గేట్‌వే డౌన్ అయింది, డీబీ పని పది నిమిషాలు ఉంది లాంటి చిన్న విరామాలకి కాఫ్కాలో పాజ్. గంటల తరబడి అయితే, లేదా కాన్ఫిగరేషన్ మార్చాల్సి వస్తే స్టాప్.

ఇంకో పని కొంతమంది చేస్తారు, లిజనర్ మెథడ్ లోపలే ఒక ఫ్లాగ్ చూసి థ్రెడ్ స్లీప్ పెట్టేస్తారు. దయచేసి వద్దు. రాబిట్ఎంక్యూలో ఒక మెసేజ్ ఇచ్చాక డీఫాల్ట్‌గా 30 నిమిషాల్లో యాక్ (పని అయింది అన్న రసీదు) రాకపోతే బ్రోకర్ ఆ ఛానెల్ని (కనెక్షన్ లోపలి లైన్‌ని) మూసేస్తుంది. కాఫ్కాలో రెండు పోల్స్ మధ్య గ్యాప్ 5 నిమిషాలు దాటితే మిమ్మల్ని గ్రూప్‌లోంచి తీసేస్తారు. నిద్రపోయి లేచేసరికి మీ సీట్లో వేరేవాళ్ళు కూర్చుని ఉంటారు.

2. లిజనర్‌కి పేరు పెట్టండి

రాబిట్ లిజనర్ యానోటేషన్‌లో ఐడీ అనే అట్రిబ్యూట్ ఉంటుంది, చాలామంది ఇవ్వరు. ఇవ్వకపోతే స్ప్రింగ్ తనే ఒక పొడుగాటి క్లాస్ పేరు పెట్టి చివర సున్నా, ఒకటి, రెండు అని నంబర్లు వేసుకుంటుంది. రేపు ఎవరో మధ్యలో కొత్త లిజనర్ రాస్తే ఆ నంబర్లు జరిగిపోవచ్చు, మీరు ఎస్ఎంఎస్ ఆపబోయి పేమెంట్లు ఆపుతారు. కాబట్టి చూడగానే అర్థమయ్యే ఐడీ ఇవ్వండి.

కాఫ్కా వాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కాఫ్కా లిజనర్ యానోటేషన్‌లో ఐడీ ఇస్తే అది డీఫాల్ట్‌గా గ్రూప్ ఐడీగా కూడా మారిపోతుంది. ప్రాపర్టీస్ ఫైల్‌లో మీరు పెట్టుకున్న గ్రూప్ పేరు పక్కకిపోయి ఈ ఐడీయే గ్రూప్ అవుతుంది. అంటే పాజ్ చేసుకుందామని అమాయకంగా ఒక ఐడీ తగిలించి డిప్లాయ్ చేస్తే బ్రోకర్‌కి మీరు సరికొత్త గ్రూప్, పాత ఆఫ్‌సెట్లు (ఎక్కడిదాకా చదివారో చెప్పే గుర్తులు) ఏవీ మీవి కావు. ఆటో ఆఫ్‌సెట్ రీసెట్ ఎర్లియెస్ట్ అని ఉంటే టాపిక్‌లో ఉన్నదంతా మొదటినుంచి మళ్ళీ ప్రాసెస్ చేస్తారు, డీఫాల్ట్ అయిన లేటెస్ట్ అయితే మధ్యలో వచ్చినవి చూడకుండానే వదిలేస్తారు. ఏది ఎక్కువ నష్టమో మీ బిజినెస్‌ని బట్టి. తప్పించుకోవాలంటే అదే యానోటేషన్‌లో గ్రూప్ ఐడీ కూడా విడిగా రాసేయండి, లేదా ఐడీ ఈజ్ గ్రూప్ అన్న దాన్ని ఫాల్స్ చేయండి. కోడ్ రివ్యూలో ఒక్క పదం మార్పులా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టుకోరు.

ఇదే చోట ఆటో స్టార్టప్ అనే అట్రిబ్యూట్ కూడా ఉంది, దాన్ని ఇప్పుడే ఫాల్స్ చేసి పెట్టండి. ఎందుకో ఏడో అడుగులో చెప్తా.

3. రిజిస్ట్రీలోంచి కంటైనర్ తీసి ఆపడం

యానోటేషన్ పెట్టిన మెథడ్‌ని మనం ఆపలేం, దాని వెనకాల ఉన్న కంటైనర్ని ఆపాలి. ఆ కంటైనర్లన్నీ రాబిట్ లిజనర్ ఎండ్‌పాయింట్ రిజిస్ట్రీ అనే బీన్ దగ్గర ఉంటాయి. దాన్ని ఇంజెక్ట్ చేసుకుని, గెట్ లిజనర్ కంటైనర్‌కి ఐడీ ఇస్తే మన కంటైనర్ వస్తుంది, దానిమీద స్టాప్, స్టార్ట్, ఈజ్ రన్నింగ్. ఐడీ తప్పైతే నల్ వస్తుంది, దాన్ని చూడకుండా వదిలేస్తే ఆపాల్సిన టైమ్‌లోనే నల్ పాయింటర్ చూస్తారు.

కాఫ్కాకి, జేఎంఎస్‌కి కూడా ఇలాంటి రిజిస్ట్రీలే ఉన్నాయి, పేరు ముందు రాబిట్ బదులు కాఫ్కా, జేఎంఎస్ అని ఉంటుంది.

రిజిస్ట్రీ మీదే నేరుగా స్టాప్ కొడితే అన్ని లిజనర్లూ ఆగిపోతాయి. పని సులువనిపిస్తుంది కానీ "మళ్ళీ స్టార్ట్ చెయ్" అనే కమాండ్ కూడా ఒక క్యూ ద్వారానే వచ్చేలా మీరు డిజైన్ చేసుంటే ఆ కమాండ్ వినే లిజనర్ కూడా ఆగిపోయింది అన్నమాట, తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు. ఐడీ పట్టుకుని ఒక్కొక్కటీ ఆపండి.

4. చేతిలో ఉన్న మెసేజ్‌ల సంగతి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కుళాయి కట్టేసినా పైపులో నీళ్ళు కాసేపు కారుతూనే ఉంటాయి కదా, ఆ పైపు పేరు ప్రీఫెచ్. స్ప్రింగ్ ఏఎంక్యూపీ 2.0 నుంచి ప్రీఫెచ్ డీఫాల్ట్ 250. అంటే ఒక్కో కన్స్యూమర్ యాక్ చేయకుండానే 250 మెసేజ్‌లు ముందే తెచ్చుకుని పక్కన పెట్టుకుంటుంది.

మీరు స్టాప్ కొట్టగానే డీఫాల్ట్ కంటైనర్, అదే సింపుల్ మెసేజ్ లిజనర్ కంటైనర్, ఏం చేస్తుందంటే కొత్తవి పంపొద్దని బ్రోకర్‌కి చెప్పి, తెచ్చుకున్నవన్నీ పూర్తి చేసే ప్రయత్నం చేస్తుంది. దానికిచ్చే గడువు షట్‌డౌన్ టైమౌట్, డీఫాల్ట్ 5 సెకన్లు. ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక మెసేజ్‌కి 200 మిల్లీ సెకన్లు పడుతుందనుకోండి, ఒక కన్స్యూమర్, చేతిలో నిండా 250. ఐదు సెకన్లలో అయ్యేవి 25. అప్పటికి లాగ్‌లో వర్కర్లు ఇంకా అవ్వలేదు అన్న లైన్ వస్తుంది, కంటైనర్ ఛానెల్ని బలవంతంగా మూసేస్తుంది, యాక్ కాని మిగతా 225 మళ్ళీ క్యూలోకి వెళ్ళిపోతాయి. ఇంతవరకు బాగానే ఉంది, మెసేజ్ పోలేదు. కానీ ఛానెల్ మూసిన క్షణంలో సగంలో ఉన్న ఆ ఒక్క మెసేజ్ ఉంది చూడండి, దాని థ్రెడ్ ఇంకా నడుస్తూనే ఉంటుంది, డీబీలో రాసేస్తుంది, ఎస్ఎంఎస్ కూడా పంపేస్తుంది, చివర్లో యాక్ చేద్దామని చూస్తే ఛానెల్ ఉండదు. బ్రోకర్ దాన్ని మళ్ళీ ఇస్తుంది. కస్టమర్‌కి రెండు ఎస్ఎంఎస్‌లు. పది కన్స్యూమర్లుంటే పది మందికి.

దీనికి చేయాల్సినవి రెండున్నర. ప్రీఫెచ్ తగ్గించండి, మెసేజ్‌కి వంద మిల్లీ సెకన్లు దాటే పని అయితే నేను 10 లేదా 20 పెడతా, దాంతో పెద్దగా స్పీడ్ పోదు. షట్‌డౌన్ టైమౌట్ పెంచండి, ప్రీఫెచ్‌ని ఒక మెసేజ్‌కి పట్టే ఎక్కువ టైమ్‌తో గుణించి దానికి కొంచెం కలపండి. మిగతా సగం ఏంటంటే ఫోర్స్ స్టాప్ అనే ప్రాపర్టీ, 2.4.14, 3.0.6 వెర్షన్ల నుంచి ఉంది, డీఫాల్ట్ ఫాల్స్. ట్రూ చేస్తే ప్రస్తుతం చేతిలో ఉన్న ఒక్క మెసేజ్ పూర్తి చేసి ఆగుతుంది, మిగతా తెచ్చుకున్నవన్నీ వెనక్కిచ్చేస్తుంది. త్వరగా ఆగాలంటే ఇదే సరైనది. సగం అని ఎందుకన్నానంటే ఆ ఒక్క మెసేజే పేమెంట్ గేట్‌వే దగ్గర 40 సెకన్లు ఇరుక్కుంటే ఫోర్స్ స్టాప్ కూడా ఏం చేయలేదు, కథ మళ్ళీ టైమౌట్ దగ్గరికే వస్తుంది.

ఇవన్నీ చేసినా ఒకటో రెండో మెసేజ్‌లు రెండుసార్లు రావడం ఆపలేం. ప్రతి మెసేజ్‌కి ఒక ఐడీ, ప్రాసెస్ అయిన ఐడీలకి ఒక టేబుల్, దానిమీద యునీక్ కీ, బిజినెస్ ఇన్సర్ట్‌తో పాటు అదే ట్రాన్సాక్షన్‌లో ఆ ఐడీ కూడా. ఇది లేకుండా ఆపే బటన్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఎస్ఎంఎస్ లాంటి బయటి పనికి ఇది కూడా పూర్తి రక్ష కాదు, అవతలి ప్రొవైడర్ మన ఐడీ తీసుకుని డూప్లికేట్ పట్టుకునే సదుపాయం ఇస్తే అది వాడుకోండి.

5. లిజనర్ లోపలినుంచి స్టాప్ కొట్టొద్దు

"గేట్‌వే ఎర్రర్ వచ్చింది కాబట్టి క్యాచ్ బ్లాక్‌లోనే కంటైనర్ స్టాప్" అని రాసిన కోడ్ నేను కనీసం మూడు ప్రాజెక్టుల్లో చూశా. స్టాప్ ఏమో వర్కర్లు ముగిసేదాకా ఆగుతుంది, ఆ వర్కర్ ఏమో స్టాప్ ఎప్పుడు తిరిగొస్తుందా అని ఆగి ఉంటుంది, ఎందుకంటే స్టాప్ కొట్టింది అదే కాబట్టి. రెండూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ 5 సెకన్లు కూర్చుంటాయి, తర్వాత ఛానెల్ మూత, మెసేజ్ మళ్ళీ క్యూలోకి. మీరు టైమౌట్ 60 సెకన్లకి పెంచి ఉంటే 60 సెకన్లు.

స్టాప్ కొట్టే పనిని వేరే ఎగ్జిక్యూటర్‌కి (వేరే థ్రెడ్‌లో నడిపేదానికి) ఇచ్చి, లిజనర్ థ్రెడ్‌లో మాత్రం ఎక్సెప్షన్ విసిరి బయటపడండి. అంతే.

6. కాఫ్కాలో పాజ్, కొంచెం జేఎంఎస్

కాఫ్కా కంటైనర్ మీద పాజ్ కొడితే వెంటనే ఆగదు. అప్పటికే గత పోల్‌లో వచ్చిన రికార్డులన్నీ అయ్యాకే, తర్వాతి పోల్‌కి ముందు పాజ్ అవుతుంది. ఒక పోల్‌కి డీఫాల్ట్‌గా 500 రికార్డులదాకా రావచ్చు, రికార్డుకి 200 మిల్లీ సెకన్లంటే 100 సెకన్లు ఆగాలి. అందుకే ఇక్కడ రెండు మెథడ్లు ఉన్నాయి: ఈజ్ పాజ్ రిక్వెస్టెడ్ అంటే మీరు అడిగారు అని, ఈజ్ కంటైనర్ పాజ్డ్ అంటే నిజంగా ఆగింది అని. డీబీఏకి "ఆగింది" అని చెప్పేది రెండోది ట్రూ అయ్యాకే. ఇంత ఆలస్యం వద్దనుకుంటే పాజ్ ఇమ్మీడియట్ అనే కంటైనర్ ప్రాపర్టీ 2.9 నుంచి ఉంది, ఉన్న రికార్డు అయ్యాక ఆగి మిగతావి మెమరీలో పెట్టుకుని రెజ్యూమ్ చేశాక ఇస్తుంది.

పాజ్‌లో ఉండగా రీబ్యాలెన్స్ వస్తే కొత్తగా చేతికొచ్చిన పార్టిషన్లని కూడా స్ప్రింగ్ కంటైనర్ పాజ్ చేస్తుంది, దానికి మనం ఏమీ రాయక్కర్లేదు. స్ప్రింగ్ లేకుండా ఉత్త కాఫ్కా క్లయింట్ వాడేవాళ్ళు మాత్రం రీబ్యాలెన్స్ లిజనర్లో చేత్తో చేసుకోవాలి, కన్స్యూమర్ ఆబ్జెక్ట్‌ని వేరే థ్రెడ్ నుంచి ముట్టుకోకూడదన్న రూల్ కూడా గుర్తుంచుకోవాలి. వేకప్ అన్న ఒక్క మెథడ్‌కే మినహాయింపు.

జేఎంఎస్‌లో కనెక్షన్ మీదే స్టాప్, స్టార్ట్ ఉన్నాయి, స్టాప్ అంటే అక్కడ డెలివరీకి తాత్కాలిక విరామం, క్లోజ్‌తో కలపకండి. స్ప్రింగ్ వాళ్ళ కంటైనర్లో కూడా స్టాప్ వేరు, షట్‌డౌన్ వేరు, షట్‌డౌన్ కొట్టాక దాన్ని మళ్ళీ స్టార్ట్ చేద్దామని చూడకండి. యాక్టివ్ఎంక్యూ క్లాసిక్ అనే జేఎంఎస్ బ్రోకర్ వాడుతుంటే క్యూ ప్రీఫెచ్ డీఫాల్ట్ 1000, నాలుగో అడుగులో చెప్పిన లెక్కని నాలుగింతలు చేసుకోండి.

7. అన్ని పాడ్లకీ చెప్పడం, గుర్తుపెట్టుకోవడం

మొదట్లో చెప్పిన నా తిప్పలకి మందు ఇదే. ఆపు అని ఆర్డర్ వేయడం మానేసి, "ఈ లిజనర్ ఇప్పుడు ఏ స్థితిలో ఉండాలి" అన్నది ఒక టేబుల్‌లో రాయండి. కాలమ్స్ ఎక్కువ అక్కర్లేదు: లిజనర్ ఐడీ, నడవాలా ఆగాలా, ఎవరు మార్చారు, ఎందుకు, ఎప్పుడు. ఆ "ఎందుకు" కాలమ్ తప్పనిసరి చేయండి, తెల్లారి నాలుగింటికి డ్యూటీలో ఉన్నవాడికి అదే దిక్కు.

ప్రతి పాడ్‌లో ఒక షెడ్యూల్డ్ మెథడ్, పది సెకన్లకోసారి ఆ టేబుల్ చదివి, ఉండాల్సిన స్థితిని ఈజ్ రన్నింగ్‌తో పోల్చి, తేడా ఉంటే స్టార్టో స్టాపో కొడుతుంది. కాఫ్కాలో పాజ్ వాడుతుంటే ఈజ్ పాజ్ రిక్వెస్టెడ్‌తో పోల్చండి, పాజ్‌లో ఉన్న కంటైనర్ కూడా రన్నింగ్ అనే చెప్తుంది కాబట్టి. ఏ పాడ్ ఎప్పుడు లేచినా, కొత్తగా రెండు పాడ్లు పెరిగినా పది సెకన్లలో అన్నీ ఒకే మాట మీద ఉంటాయి. ఇప్పుడు ఆటో స్టార్టప్ ఫాల్స్ ఎందుకో అర్థమైంది కదా, పాడ్ లేవగానే లిజనర్ తనంతట తాను లేవకూడదు, అప్లికేషన్ రెడీ అయ్యాక టేబుల్ చూసి మనమే లేపాలి.

ఇందులో రెండు చిక్కులు. ఒకటి, స్ప్రింగ్ బూట్‌లో షెడ్యూలర్‌కి డీఫాల్ట్‌గా ఒకటే థ్రెడ్, మీ స్టాప్ 60 సెకన్లు ఆగితే మిగతా షెడ్యూల్డ్ పనులన్నీ దాని వెనకాల లైన్లో నిలబడతాయి, కాబట్టి స్టాప్‌ని వేరే ఎగ్జిక్యూటర్లో వేయండి. రెండు, టేబుల్ చదవడమే ఫెయిల్ అయితే? ఆ పదిసెకన్ల రౌండ్ వదిలేసి ఉన్న స్థితిలోనే ఉండండి. చదవలేకపోతే స్టార్ట్ చేసేయడం అని మాత్రం రాయకండి, డీబీ మెయింటెనెన్స్ కోసం ఆపితే అదే డీబీ అందలేదని లిజనర్ లేస్తుంది, నవ్వొస్తుంది గానీ ఇది జరిగేదే.

ఆపి ఉన్న లిజనర్ని హెల్త్ చెక్‌లో డౌన్ అని చూపించాలనిపిస్తుంది. అది లైవ్‌నెస్ గ్రూప్‌లోకి (పాడ్ బతికుందా అని చూసే చెక్‌లోకి) పడిందంటే కుబర్నెటీస్ పాడ్‌ని చంపి మళ్ళీ లేపుతుంది, మళ్ళీ డౌన్, మళ్ళీ చంపుతుంది. ఒక మెట్రిక్ పెట్టండి, నడుస్తుంటే 1, ఆగితే 0, అనుకున్న టైమ్ దాటి 0 లోనే ఉంటే అలర్ట్. మోటార్ వేసి మర్చిపోవడం ఎంత మామూలో లిజనర్ ఆపి మర్చిపోవడమూ అంతే.

8. దానంతట అదే ఆగాలంటే

గేట్‌వే పడిపోతే మనిషి లేచి బటన్ నొక్కేదాకా ఎందుకు, సర్క్యూట్ బ్రేకర్ (ఫెయిల్ అవుతున్న సర్వీస్‌కి కాల్స్ ఆపేసే కోడ్) ఓపెన్ అవ్వగానే, అంటే కాల్స్ ఆపగానే లిజనర్ ఆగాలి, హాఫ్ ఓపెన్ అవ్వగానే, అంటే కొన్ని కాల్స్‌తో పరీక్షించడం మొదలవగానే లేవాలి. రెజీలియన్స్4జే అనే లైబ్రరీలో స్టేట్ మారినప్పుడు ఈవెంట్ వస్తుంది, దానికి స్టాప్, స్టార్ట్ కట్టేస్తే సరిపోతుంది అనుకుంటాం. ఆగుతుంది. లేవదు.

ఎందుకంటే ఓపెన్ నుంచి హాఫ్ ఓపెన్‌కి మారడం డీఫాల్ట్‌గా టైమర్ మీద జరగదు, నిరీక్షణ టైమ్ అయిపోయాక తర్వాతి కాల్ ఒకటి వచ్చినప్పుడు జరుగుతుంది. ఇక్కడ లిజనర్ ఆగింది కాబట్టి కాల్ రాదు, కాల్ రాదు కాబట్టి మారదు, మారదు కాబట్టి లిజనర్ లేవదు. ఓపెన్ నుంచి హాఫ్ ఓపెన్‌కి ఆటోమేటిక్‌గా మారే సెట్టింగ్ ఒకటుంది, దాని డీఫాల్ట్ ఫాల్స్, ట్రూ చేయండి. నిరీక్షణ టైమ్ డీఫాల్ట్ 60 సెకన్లు, అది మీ ఇష్టం. ఈ ఆటోమేటిక్ ఆపడం, టేబుల్లో మనిషి ఆపడం రెండూ కొట్టుకోకూడదు: బ్రేకర్ స్థితిని కూడా ఏడో అడుగులోని ఆ పోల్చే మెథడే చూడాలి, టేబుల్ "నడువు" అని, బ్రేకర్ ఓపెన్ కాదు అని రెండూ ఒప్పుకుంటేనే లిజనర్ నడవాలి. ఈవెంట్లో నేరుగా స్టాప్ కొడితే పదిసెకన్లకి షెడ్యూలర్ వచ్చి మళ్ళీ లేపుతుంది, ఇద్దరూ రాత్రంతా ఆడుకుంటారు.

9. ఆపినంతసేపూ క్యూలో ఏం జరుగుతుంది

మనం ఆపాం, పంపేవాళ్ళు ఆపలేదు. ఆపే ముందే ఇవి చూడండి.

ఆటో డిలీట్ అని డిక్లేర్ చేసిన క్యూ అయితే చివరి కన్స్యూమర్ వెళ్ళగానే రాబిట్ఎంక్యూ ఆ క్యూనే తీసేస్తుంది. అంటే మీ స్టాప్ ఒక డిలీట్. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు స్ప్రింగ్ క్యూని మళ్ళీ డిక్లేర్ చేస్తుంది కాబట్టి పైకి ఏ ఎర్రరూ కనబడదు, మధ్యలో వచ్చిన మెసేజ్‌లు మాత్రం ఎక్కడా ఉండవు. క్యూకి ఎక్స్‌పైరీ పెట్టి ఉంటే కూడా ఇంతే, అంతసేపు ఎవరూ వాడకపోతే క్యూ పోతుంది. మెసేజ్ టీటీఎల్ (బతికుండే గడువు) ఉంటే గడువు దాటినవి డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్ (అలాంటి మెసేజ్‌లని మళ్ళించే చోటు) పెట్టుకుంటే అక్కడికి, లేకపోతే గాల్లోకి. క్యూ బాగా పెరిగి బ్రోకర్ మెమరీ హద్దు దాటితే పబ్లిష్ చేసే కనెక్షన్లన్నిటినీ ఆపేస్తుంది, మీ క్యూకి సంబంధం లేని టీమ్ వాళ్ళవి కూడా, అప్పుడు ఫోన్ మీకే వస్తుంది.

కాఫ్కాలో మెసేజ్‌లు డీఫాల్ట్‌గా 7 రోజులుంటాయి, కాబట్టి గంటలకి భయం లేదు. కానీ స్టాప్ చేసి గ్రూప్‌లో ఒక్కరూ లేకుండా 7 రోజులు దాటితే ఆ గ్రూప్ ఆఫ్‌సెట్లు కూడా తుడిచేస్తారు. సంక్రాంతి సెలవులకి ముందు ఆపి తిరిగొచ్చాక చూద్దాం అనుకునే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్లలో ఇది చాలాసార్లు జరుగుతుంది.

10. మళ్ళీ స్టార్ట్ చేయడం

స్టార్ట్ కొట్టే ముందు పేపర్ మీద ఒక లెక్క. సెకనుకి 50 మెసేజ్‌లు వస్తున్నాయి, 40 నిమిషాలు ఆపాం, అంటే 1,20,000 పేరుకున్నాయి. మీ స్పీడ్ సెకనుకి 80. మేనేజర్‌కి 25 నిమిషాల్లో అయిపోతుందని చెప్పేస్తాం, 1,20,000ని 80తో భాగించి. కొత్తవి 50 వస్తూనే ఉన్నాయి కదండీ, పాత బాకీకి మిగిలేది 30 మాత్రమే. 4000 సెకన్లు, 67 నిమిషాలు. రాకడ 75 ఉంటే 10 గంటలు. ఈ లెక్క ముందే వేసుకుంటే ఎంతసేపు ఆపొచ్చో కూడా ముందే తెలుస్తుంది.

అలాగని పాడ్లు పదింతలు చేసి ఒకేసారి వదిలితే ఇప్పుడే కోలుకున్న డీబీ మళ్ళీ మంచం ఎక్కుతుంది. నేను మొదట ఒక్క పాడ్, ఒక్క కన్స్యూమర్‌తో లేపి రెండు నిమిషాలు ఎర్రర్లు చూస్తా, తర్వాత పెంచుతా. సింపుల్ కంటైనర్లో కన్స్యూమర్ల సంఖ్య నడుస్తుండగానే మార్చొచ్చు. కాఫ్కాలో కాంకరెన్సీ (ఒకేసారి నడిచే కన్స్యూమర్ల సంఖ్య) మార్చాలంటే ఆపి, మార్చి, స్టార్ట్ చేయాలి. దీనికోసం ఆ టేబుల్లోనే "ఎన్ని కన్స్యూమర్లు" అని ఇంకో కాలమ్ పెట్టుకుంటే బాగుంటుంది.

పాసిపోయిన మెసేజ్‌ల సంగతి కూడా ఇక్కడే. 40 నిమిషాల కిందటి ఓటీపీ ఇప్పుడు పంపితే లాభం లేకపోగా, నేనేం చేయకుండా ఓటీపీ ఎందుకొచ్చిందని జనం కస్టమర్ కేర్‌కి ఫోన్లు చేస్తారు. పంపేవాళ్ళు మెసేజ్‌లో టైమ్ పెట్టాలి, రాబిట్ టెంప్లేట్ దానంతట అది టైమ్‌స్టాంప్ వేయదు, మనమే వేయాలి. లిజనర్ మొదటి లైన్లో వయసు చూసి, దాటితే లాగ్ చేసి యాక్ చేసేయాలి. ఆర్డర్లకి, పేమెంట్లకి ఇది వర్తించదు, అవి ఎంత పాతవైనా చేయాల్సిందే.

11. ప్రొడక్షన్‌కి ముందు ఒకసారి ఇలా ఆడి చూడండి

టెస్ట్ ఎన్విరాన్‌మెంట్లో రెండు పాడ్లు, క్యూలోకి 5000 మెసేజ్‌లు, ప్రతి మెసేజ్‌కి 200 మిల్లీ సెకన్ల నకిలీ పని. మధ్యలో ఆపండి. రాబిట్ఎంక్యూ మేనేజ్‌మెంట్ పేజీ, 15672 పోర్టులో వచ్చేది, అక్కడ ఆ క్యూ తెరిచి మూడు అంకెలు చూడండి: రెడీ (క్యూలో ఎదురుచూస్తున్నవి), అన్‌యాక్డ్ (ఇచ్చాక ఇంకా యాక్ రానివి), కన్స్యూమర్లు. ఆగడం అంటే కన్స్యూమర్లు 0 అవ్వడం మాత్రమే కాదు, అన్‌యాక్డ్ కూడా 0 అవ్వాలి. కన్స్యూమర్లు 0, అన్‌యాక్డ్ 180 అని కనిపిస్తుంటే పైపులో ఇంకా నీళ్ళున్నాయి. కాఫ్కా అయితే కన్స్యూమర్ గ్రూప్స్ స్క్రిప్ట్‌తో డిస్క్రైబ్ కొట్టి, ల్యాగ్ (ఇంకా చదవాల్సిన మెసేజ్‌ల సంఖ్య) పెరుగుతూ కరెంట్ ఆఫ్‌సెట్ కదలకుండా ఉందా చూడండి.

ఆపి ఉండగానే ఒక పాడ్‌ని డిలీట్ చేయండి. కొత్త పాడ్ లేచాక కన్స్యూమర్లు ఒక్క క్షణమైనా 1 అయిందా? అయితే ఆటో స్టార్టప్ ఎక్కడో ట్రూగానే ఉంది. తర్వాత లేపి, అన్నీ అయ్యాక డీబీలో వరుసలు లెక్కపెట్టండి, 5000 రావాలి. లాగ్‌లో డూప్లికేట్ అని వదిలేసినవి ఎన్నో కూడా చూడండి. సున్నా వస్తే సంబరపడకండి, షట్‌డౌన్ టైమౌట్ 1 సెకనుకి, నకిలీ పని 2 సెకన్లకి మార్చి ఇంకోసారి ఆపండి, అప్పుడూ సున్నానే వస్తే మీ డూప్లికేట్ చెక్ ఇంతవరకు ఒక్కసారి కూడా పని చేయలేదు.